పది సెంటీమీటర్ల పౌరుషం

హైదరాబాద్, సాయంత్రం ఆరున్నర. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి రోడ్ నంబర్ 5 మీదుగా యూసుఫ్‌గూడ వైపు ఓ స్పోర్ట్స్ కారు దిగుతోంది. పైన మెట్రో, పక్కన సిటీ బస్సు, వెనక ఆటో. కారు నేలను కరుచుకున్నట్టుంది. ముందు బంపర్ కింద నల్లగా మెరిసే లిప్ స్పాయిలర్. దానికీ రోడ్డుకూ మధ్య జానెడులో సగం జాగా ఉంటే గొప్ప. ఎదురుగా స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వందల హార్స్‌పవర్ ఇంజన్ గురగురలాడుతూ నిలబడిపోయింది. కాళ్ల మధ్య గ్యాస్ సిలిండర్ పెట్టుకున్న స్కూటీ దాన్ని దాటుకుని హాయిగా వెళ్లిపోయింది.

కారులో ఉన్నాయన ఇప్పుడు చాలామందిని తిడతాడు. రోడ్డు వేసినవాణ్ణి, హంప్ కట్టినవాణ్ణి, హారన్ కొట్టే ఆటోవాణ్ణి. లిప్ పెట్టించుకున్నవాణ్ణి మాత్రం వదిలేస్తాడు. ఈ వ్యాసం ఆ వదిలేసినవాడి గురించి.

ముందు ఆ లిప్ చేసే పనేమిటో చూద్దాం. కారు వేగంగా పోతుంటే ఎదురుగాలిలో కొంత బండి కిందికి దూరుతుంది. ముందు భాగాన్ని పైకి లేపాలని చూస్తుంది. స్టీరింగ్ తేలికైపోతుంది, మలుపులో టైరు పట్టు సడలుతుంది. బంపర్ అంచున కట్టిన ఈ పట్టీ ఆ గాలిని చాలావరకు బయటే ఆపి పక్కలకు తోసేస్తుంది. చక్కటి ఇంజనీరింగ్. అయితే గాలి బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు, ఐదు రెట్లైతే ఇరవై అయిదింతలు. తగ్గేటప్పుడూ అదే లెక్క.

పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్‌నే తీసుకోండి. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో గాలి తమ కారును 409 కిలోల బలంతో నేలకు అదుముతుందని కంపెనీ చెబుతుంది. లిప్, వెనక రెక్క, అన్నీ కలిపి. ఇదే లెక్కను 40 కిలోమీటర్లకు దించితే సుమారు పదహారు కిలోలు. యూసుఫ్‌గూడలో సాయంత్రం పూట 40 ఎవరికి దక్కుతుంది? 20కి దించండి. నాలుగు కిలోలు. మధురానగర్‌లో కూరగాయలు కొని సంచీ డిక్కీలో పెట్టుకున్నా కారు మీద అంత బరువు పడుతుంది.

వేగంగా పోయే కార్ల కోసమే ఈ నగరం రోడ్డు సిద్ధం చేసిన రోజు ఒకటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. జనం బండ్లను దారి మళ్లించారు, రెండు పక్కలా కంచెలు కట్టారు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది ఆ రేసు రద్దయింది. ఆ తర్వాత మిగిలింది 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. అక్కడ అనుమతించిన గరిష్ఠ వేగం 120. ఆ వేగానికి మన లెక్క 147 కిలోలు చూపిస్తుంది. కాబట్టి అక్కడ లిప్పు కాస్తో కూస్తో పనిలోకి వస్తుంది. అక్కడికి చేరేదాకా మాత్రం దాన్ని మీరే మోయాలి.

అందుకని మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: నేను ఏ వేగంలో బతుకుతున్నాను, ఏ వేగానికి సరంజామా కొంటున్నాను?

కృష్ణానగర్‌లో గది తీసుకున్న కుర్రాడిని తలచుకోండి. ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాక ఒక సినిమాలో చెప్పుకోదగ్గ వేషం పడింది. పేరు ఇంకా రాలేదు, వచ్చేలా ఉంది. వెంటనే ఫోన్ ఎత్తడానికో మనిషి, అద్దెకో పెద్ద కారు, గది మార్చి ఫిల్మ్‌నగర్‌లో ఫ్లాటు. అన్నీ 200 వేగంలో పనికొచ్చే వస్తువులు. ఆయన నడుస్తున్నది మాత్రం ఇరవైలో. నిన్నటిదాకా ‘రేపు పొద్దున రా, రెండు సీన్లున్నాయి’ అని నేరుగా పిలిచిన కో-డైరెక్టర్ ఇప్పుడు ఆగి ఆలోచిస్తాడు. ‘ఇప్పుడాయన ఇంత చిన్నది చేస్తాడో లేదో’ అని వేరే నంబరుకు కొడతాడు. రాని పిలుపు చప్పుడు చెయ్యదు. అందుకే అది ప్రమాదం. బంపర్ గీసుకుంటే కనీసం గర్రుమని వినిపిస్తుంది.

సినిమావాళ్లకే పరిమితం కాదిది. టీమ్ లీడర్ అయిన వారానికే ‘ఇలాంటివి నేను చూడను’ అనడం మొదలుపెట్టే ఇంజనీరూ, జీతంలో సగం దాటిన ఈఎంఐతో గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కొని, నచ్చని ఉద్యోగాన్ని వదల్లేని అల్లుడుగారూ కిందికి దించిన బంపర్లతోనే తిరుగుతున్నారు. దారిలో ఎదురయ్యే ప్రతి చిన్న ఎత్తూ వాళ్లకు గండమే.

ఇంతమాత్రాన లిప్ పీకెయ్యమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అందం కోసం కష్టపడటంలో తప్పేముంది? మన ఆడవాళ్లు పట్టుచీరలో, మగవాళ్లు సూటులో మే నెల పెళ్లిళ్లకు వెళ్లడం లేదా? ఇష్టమైతే ఉంచుకోండి. ఉంచుకున్నాక దాంతో బతకడం నేర్చుకోండి. ఆ విద్యకు కొంచెం లెక్క కావాలి.

స్పీడ్ బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఒక కొలత పెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో గీసినది. 25 కిలోమీటర్ల వేగంలో దాటడానికి. ఇప్పుడు మీ లిప్ కూడా నేలకు పది సెంటీమీటర్ల ఎత్తులో, ముందు టైరు రోడ్డును తాకే చోటికి 90 సెంటీమీటర్లు ముందుకు ఉందనుకోండి. టైరు హంప్ అంచును తాకే సరికే లిప్ దాని మీదికి 90 సెంటీమీటర్లు వెళ్లిపోయి ఉంటుంది. లెక్క వేస్తే అక్కడ హంప్ ఎత్తు దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు. మీకు మిగిలింది రెండున్నర. గట్టెక్కినట్టే.

కాకపోతే ఆ క్షణంలో మీ కాలు బ్రేక్ మీద ఉంటే? బ్రేక్ వేసిన బండి ముక్కు కిందికి వంచుతుంది. ఆ రెండున్నర సెంటీమీటర్లూ అక్కడే హరీ.

చేయి తిరిగిన డ్రైవర్లు చేసేది చూడండి. హంప్‌కు చాలా ముందే బ్రేక్ మొత్తం వేసేస్తారు. టైరు తాకే సమయానికి కాలు తీసేసి బండిని దాని మానాన దొర్లనిస్తారు. ముక్కు అప్పటికే పైకి లేచి ఉంటుంది. భయపడినవాడు ఇందుకు సరిగ్గా తలకిందులుగా చేస్తాడు. వేగంగా వచ్చి, హంప్ మీద ఉండగా బ్రేక్ తొక్కుతాడు. ఎక్కడ ఎత్తు అవసరమో అక్కడే తనను తాను వంచుకుంటాడు.

ఈ ఒక్క కిటుకు మీద నాకున్నంత నమ్మకం వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో చాలా అధ్యాయాల మీద లేదు. రేపు ఉదయం పార్ట్‌నర్‌తో డబ్బు లెక్క తేల్చుకోవాలి. ఎంత దాకా ఒప్పుకుంటారు, ఏ అంకె దగ్గర లేచి వచ్చేస్తారు? ఇప్పుడే, ఇంట్లో, భోంచేసి తీరిగ్గా ఉన్నప్పుడే కాగితం మీద పెట్టండి. నాన్నగారికి ఉద్యోగం మానేసిన సంగతి చెప్పాలి. మొదటి వాక్యం ఇక్కడే తయారు చేసుకోండి. వెనక్కి తగ్గాల్సినదేదో ఇక్కడే తగ్గండి. ఎదురుగా కూర్చున్నాక మాత్రం దొర్లనివ్వండి. మాట మధ్యలో ఆగి, నసిగి, ‘అంటే నా ఉద్దేశం అది కాదు’ అంటూ బ్రేకులు వేసేవాళ్లకే సంభాషణలు గీసుకుపోతాయి. అవతలివాళ్లు కఠినులు కావడం వల్ల జరిగే నష్టం అందులో కొంతే.

ఐఆర్‌సీ కొలతతో కట్టిన హంపులు గల్లీల్లో ఎన్నుంటాయని మీరు అడగొచ్చు. నిజమే. రాత్రికి రాత్రి లేచిన సిమెంటు దిమ్మెకు వ్యాసార్ధమూ లేదు, తెల్ల చారలూ లేవు. ఆ దిమ్మె వెనక తరచూ ఓ కథ ఉంటుంది. ఎవరి పిల్లవాడికో బైకు తగిలి ఉంటుంది, వీధివాళ్లు చందాలేసుకుని ఉంటారు. వాళ్లు మీ లిప్‌ను ఉద్దేశించి కట్టలేదు. లోకం మనల్ని ఇబ్బంది పెట్టినప్పుడల్లా పనిగట్టుకుని పెట్టిందనుకోవడం ఓ రకమైన గొప్పతనం జబ్బు.

అలాంటి దిమ్మెకు ఎదురుగా వెళ్లకండి. ఎదురు బండి లేదని చూసుకుని కోణంగా ఎక్కించండి. ఒక టైరు ముందు ఎక్కి ఆ మూలను పైకెత్తుతుంది, తర్వాత రెండోది. బండి కాస్త ఊగుతుంది, చూసేవాళ్లకు వయ్యారంగా ఉంటుంది, పోనివ్వండి. దిగేటప్పుడు ఇంకా నెమ్మది. ఎక్కడంలో బతికిపోయిన లిప్‌లు చాలావరకు దిగడంలో పోతాయి. ముందు చక్రాలు ధబ్బున జారితే స్ప్రింగులు నలిగి ముక్కు నేలను ముద్దాడుతుంది. గండం గడిచిందని నిట్టూర్చే సమయమే అది.

ఇక సెల్లార్లు. ఫిల్మ్‌నగర్ కొండ మీద, జూబ్లీహిల్స్ వాలుల్లో సగం భవనాలకు కింద పార్కింగే. రోడ్డు నుంచి ర్యాంప్ మొదలయ్యే చోట ఓ మడత, అది నేలను కలిసే చోట ఇంకో మడత. దిగేటప్పుడైనా, ఎక్కి వచ్చేటప్పుడైనా కింది మడతే లిప్‌కు శత్రువు. అక్కడ ఎవరో ఒక వాచ్‌మన్ ఉంటాడు. రోజుకు ఎన్ని కార్లు తగలడం చూశాడో ఆయనకే తెలుసు.

“జర క్రాస్ కొట్టుండ్రి సార్, ముందట తాకుతది.”

ఇక్కడ మనుషులు రెండు రకాలుగా విడిపోతారు. ‘నాకు తెలుసులేవయ్యా’ అనేవాళ్లు ఒక జాతి. అద్దం దించి, “ఎటు నుంచి తిప్పమంటావు అన్నా, నువ్వే చెప్పు” అనేవాళ్లు రెండోది. కోట్ల రూపాయల కారులో కూర్చుని దారి అడగగలిగినవాడికి ఆఫీసులో జూనియర్‌ను అడగడం కష్టం కాదు. కొందరు ఇంకో మెట్టు పైకి వెళ్లి కారు దిగి, వంగి, కింద ఎంత జాగా ఉందో స్వయంగా చూసుకుంటారు. పది మంది చూస్తుండగా వంగడానికి మీకు మొహమాటంగా ఉందా? అయితే మీ బంపర్ మీద గీతలు ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు అర్థమైంది.

అడగడానికి కూడా వేళ ఉంటుంది. ఫంక్షన్‌కు పిలిస్తే ముందు రోజే ‘పార్కింగ్ సెల్లార్లోనా, పైనేనా?’ అని ఫోన్ చేసి కనుక్కోండి. ఇందులో నామోషీ లేదు. షుగర్ ఉన్న పెద్దాయన భోజనంలో ఏముందని ముందే అడగడం లేదా?

వానాకాలం సంగతి రెండు ముక్కల్లో. గట్టి వాన పడితే జూబ్లీహిల్స్ మీది నీళ్లు పల్లాన ఉన్న కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లోకి దిగుతాయి. బైకులు కొట్టుకుపోవడం టీవీలో మీరూ చూశారు. నీళ్లను తోసుకుంటూ పోయే కారుకు ఆ బరువంతా ముందు లిప్ మీద పడుతుంది. బోల్టులు వదులై, కింది ప్లాస్టిక్ కవరుతో సహా ఊడిపోతుంది. పైగా నీళ్ల కింద ఏ దిమ్మె ఉందో, ఏ మ్యాన్‌హోల్ ఉందో దేవుడికెరుక. ఆ రోజు వెళ్లకండి. ‘వానలో రాలేను, రేపొస్తాను’ అని చెప్పడానికి ఏ విద్యా అక్కర్లేదు. మెట్రో ఉంది, యూసుఫ్‌గూడలో స్టేషన్ ఉంది, అక్కడ లిప్ అడగరు.

లిప్ దేంతో చేశారన్నది కూడా చూసుకోవాలి. కార్బన్ ఫైబర్ చూడముచ్చటగా ఉంటుంది, తేలిక, గట్టిది. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. ఫైబర్ గ్లాసూ అంతే, కాకపోతే చవక. పాలీయురేథేన్ రబ్బరులా వంగి, గీత పడి, మళ్లీ నిలబడుతుంది. షోరూంలో అన్నిటికంటే తక్కువ మెరిసేది అదే. నన్నడిగితే మన రోడ్లకు అదే సరైనది. దాని అడుగున కూడా ఒక అరిగిపోయే పట్టీ వేయించుకుంటే రోజువారీ రాపిడంతా అది తీసుకుంటుంది, అరిగాక మార్చుకోవచ్చు.

ప్రతి శుక్రవారం సినిమావాళ్లలోనూ ఈ తేడా బయటపడుతుంది. ఉదయం ఆట వదలగానే రివ్యూలు, కాసేపటికే మీమ్స్. కొందరు ఒకే ఒక్క మాటకు నిలువునా పగిలి నెల రోజులు గది తలుపు తీయరు. కొందరు వంగుతారు. ‘సెకండాఫ్ సాగిందన్నారు, నిజమే, పన్నెండు నిమిషాలు కోయొచ్చు’ అని ఎడిటింగ్ రూమ్‌కు పోతారు. వాళ్ల మీద గీతలు లేవని కాదు, బోలెడుంటాయి. దగ్గరికి వెళ్లి వంగి చూస్తే తప్ప కనిపించవు.

డబ్బున్నవాళ్లకు ఈ బాధలేవీ ఉండవనుకుంటాం. నిజానికి వాళ్లు చాలామంది ఎత్తును తెలివిగా ఎంచుకుంటారు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ లంబోర్గిని కొన్నారని పత్రికలన్నీ రాశాయి. అది ఉరుస్. ఎయిర్ సస్పెన్షన్‌తో నేల నుంచి 158 మిల్లీమీటర్ల దాకా దిగగలదు, 248 దాకా లేవగలదు. రేసింగ్ పిచ్చి దాచుకోని నాగచైతన్య 2024లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టుకు యజమాని అయ్యారు. జీటీ3 ఆర్‌ఎస్ కొన్నారని వార్తలొచ్చిందీ ఆ ఏడాదే. ఒకటి రోజూ ఎక్కి దిగడానికి అనువైన బండి, ఒకటి ఇష్టం కొద్దీ తెచ్చుకునే బండి. రెండూ సరైన ఎంపికలే కావచ్చు. ఏది ఎందుకో తెలిసి ఉంటే చాలు.

ఇప్పటి 911ల్లో డబ్బు కడితే ముందు ఇరుసును ఎత్తే ఏర్పాటు వస్తుంది. మీట నొక్కితే ముక్కు సుమారు 40 మిల్లీమీటర్లు లేస్తుంది. అంతకన్నా నాకు నచ్చింది, అది చోటును గుర్తుపెట్టుకోవడం. ఫలానా గేటు దగ్గర ఎత్తాలని ఒకసారి చెబితే, తర్వాత అక్కడికి రాగానే జీపీఎస్ చూసుకుని తనంతట తనే లేస్తుంది. మనకు ఆ మీట లేకపోయినా జ్ఞాపకం ఉంది కదా. ఏ పెద్దాయన దగ్గర జీతం మాట ఎత్తితే చర్చ పెడదారి పడుతుంది, ఏ బావమరిది దగ్గర స్థలాల ఊసు ఎత్తకూడదు, సోమవారం ఉదయం బాస్ ఎలా ఉంటాడు? ఒకసారి తగిలిన చోటే ప్రతిసారీ తగలడం దురదృష్టం ఖాతాలోకి రాదు. చిన్న డైరీలో రాసుకోండి. నవ్వుతారేమోనని భయపడకండి, ఎవరికీ చూపించక్కర్లేదు.

ముందు లిప్ మాత్రమే పెట్టి వెనక ఏమీ చేయనివాళ్లకు ఇంకో మాట. ముందు భాగం గట్టిగా అదుముకుని వెనక భాగం తేలికగా ఉంటే వేగంలో కారు తోక ఊపుతుంది. ఆడీ టీటీ 1998లో మార్కెట్లోకి వచ్చినప్పుడు వెనక స్పాయిలర్ లేదు, గుండ్రటి వీపుతో ముద్దుగా ఉండేది. ఎక్కువ వేగంలో ప్రమాదాలు జరిగాక కంపెనీ కార్లను వెనక్కి పిలిచి చిన్న స్పాయిలర్ బిగించింది, సస్పెన్షన్ మార్చింది. అందం కొంచెం తగ్గిందని అప్పట్లో గొణిగినవాళ్లున్నారు. ఇంటర్వ్యూకు ఇంగ్లీషు మెరుగు పెట్టుకుని, చేరాక చేయాల్సిన పని నేర్చుకోనివాడి పరిస్థితి ఏమిటో ఇంతకంటే వివరించను.

చట్టం గురించి కూడా చెప్పాలి. రిజిస్ట్రేషన్ కాగితాల్లోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటితో తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడానికి వీల్లేదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. లిప్ అంతటి మార్పా కాదా అని మెకానిక్‌తో వాదించే బదులు ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్‌వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయండి. బయట బిగించిన వస్తువును పాలసీలో రాయించకపోతే అది విరిగినప్పుడు డబ్బు ఆశించకూడదు.

ఇన్ని చేసినా కొందరికి పడదు. ప్రతి హంప్ దగ్గర బీపీ పెరుగుతుంది, పక్కన కూర్చున్న భార్యతో మాట పట్టింపు వస్తుంది, పిల్లల్ని స్కూల్లో దింపడం యుద్ధంలా ఉంటుంది. అలాంటివాళ్లు ఒక ఆదివారం ఉదయం మెకానిక్ షెడ్డుకు వెళ్లండి. విడిగా బిగించిన లిప్పులకు చాలావాటికి స్క్రూలూ క్లిప్పులే ఆధారం, విప్పడం పెద్ద పనేమీ కాదు. కంపెనీ బంపర్‌లోనే కలిసి వచ్చినదైతే దాని జోలికి పోవద్దు. విప్పింది పారేయకండి, పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టించండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసింగ్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. మామూలు జనాన్ని అనుమతించే రోజులెప్పుడో కనుక్కుని, కారును ట్రక్కు మీద ఎక్కించి, లిప్‌ను డిక్కీలో వేసుకుని వెళ్లండి. అక్కడ బిగించండి.